ప్యాకెట్టు వెనక పదకొండు వరుసలు

పద్మిని పోయిన రోజున దీవికి విశాఖ ఓడ వచ్చింది.

హాడో రేవు నుంచి ఓడ కూత వినిపించే వేళకు ఆమెను మిన్నీ బేలోని ఇంటి వసారాలో చాప మీద పడుకోబెట్టారు. భర్త గురునాథం మాస్టారు తల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జబ్బుతో మంచాన ఉన్న రెండేళ్లలో కూడా ఆ కూత వింటే ఆమె లేచి కూర్చునేది. ఆ రోజు లేవలేదు.

బావమరిది గోపినాథ్‌కు ఆ పొద్దున పెద్ద ధర్మసంకటం వచ్చి పడింది. తోడబుట్టిన అక్క పోయింది. రేవులో సరుకు దిగింది. బజారులో దుకాణం తెరిస్తే నలుగురూ ఏమంటారు, మూస్తే సరుకు ఏమవుతుంది. గోపినాథ్ తెలివైనవాడు. షట్టరు సగం దించాడు. అది దుఃఖానికి దుఃఖం, బేరానికి బేరం. కొనేవాళ్లు నడుం వంచి లోపలికి దూరారు, నడుం వంచి బయటికి వచ్చారు. చూసేవాళ్లకు అందరూ పోయినావిడకు దణ్ణం పెడుతున్నట్టే ఉందని తరవాత గోపినాథే మెచ్చుకోలుగా చెప్పాడు.

అలా దణ్ణం పెట్టినవాళ్లలో చాలామంది నేరుగా పరామర్శకు వచ్చారు. చేతుల్లో సంచులున్నాయి. ఒకావిడ చింతపండు సంచి పద్మిని కాళ్ల దగ్గర పెట్టి, చాలాసేపు ఏడ్చి, వెళ్లేటప్పుడు మరిచిపోకుండా తీసుకుంది.

గురునాథం ఎవరినీ ఏమీ అనలేదు. మాటను చూసి వాడే మనిషి ఆయన. మధ్యాహ్నం వాన పట్టకముందే అన్నీ అయిపోయాయి. సాయంత్రం ఇంటికి వచ్చి స్నానం చేసి కూర్చున్నాక, తనకు ఏడుపు రావటం లేదని, అందరి మీదా చీదర మాత్రం వస్తోందని గమనించాడు. ఏడవటం కన్నా అది తేలికగా ఉంది. అందుకని దాన్నే ఉంచుకున్నాడు.

ఆ వ్యాపారం ఎలా పెరిగిందో ఈ ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలుసు. అంటే, గోపినాథ్ చెప్పిన పద్ధతిలో తెలుసు. యాభై ఆరేళ్ల కిందట శ్రీకాకుళం జిల్లా సముద్రపుటొడ్డు నుంచి సత్యారావు అనే యువకుడు రేవు పనికి కూలీగా వచ్చాడు. ట్రంకు పెట్టెలో ఊరి బెల్లం, ఊరి చింతపండు, ఊరి మిరపకాయలు తెచ్చుకున్నాడు. నాలుక చచ్చిపోయిన తోటి కూలీలకు పిడికెడు పిడికెడు పంచాడు. ఆ పిడికెడే ఇవాళ సిప్పీఘాట్‌లో గోదాము అయింది, బజారులో రెండంతస్తుల దుకాణం అయింది, ఫీనిక్స్ బే జెట్టీ నుంచి దిగ్లీపూర్ దాకా, హట్ బే దాకా అట్టపెట్టెల్లో వెళ్లే సరుకు అయింది.

గురునాథానికి అత్తగారు అప్పలకొండమ్మ చెప్పిన సంగతి వేరు. సత్యారావు ట్రంకు పెట్టెలో వచ్చినవి రెండు లుంగీలు, ఒక పేకదస్తా. బెల్లం, చింతపండు, మిరపకాయలు తెచ్చింది, రెండేళ్లు ఉత్తరం ముక్క లేకపోతే మొగుణ్ణి వెతుక్కుంటూ ఓడెక్కిన అప్పలకొండమ్మ. పంచింది ఆమె, అమ్మింది ఆమె, తమ్ముళ్లకు కబురుపెట్టి ఓడ ఓడకూ మూటలు తెప్పించింది ఆమె. సత్యారావు బల్ల మీద కూర్చునేవాడు. బాగా కూర్చునేవాడు, అందులో అబద్ధం లేదు. ఎవరు వచ్చినా ఆయనే యజమాని అనుకునేలా కూర్చునేవాడు. బోర్డు మీద 'సత్యారావు అండ్ సన్స్' అని రాయించాడు. కొడుకు ఒక్కడే.

కూతురు పద్మినికి పందొమ్మిదేళ్లు వచ్చేసరికి దుకాణం ఒక చిక్కులో పడింది. పప్పు, బెల్లం ఎక్కడైనా దొరుకుతాయి. జనం ఎదురుచూసేది ఊరి ఆవకాయ కోసం. ఊళ్లో మేనత్తలు కలిపి డబ్బాల్లో పంపితే, ఓడలో మూడు రోజులు, రేవులో పది రోజులు, ఈ దీవుల చెమ్మలో ఇంకో నెల. మూత తీస్తే పైన తెల్లటి బూజు. సత్యారావు చెంచాతో బూజు గీకేసి, పైన కాస్త నూనె పోసి అమ్మేవాడు. కొన్నవాళ్లు ఊరి వాసన అనుకునే తినేవారు.

పద్మిని పచ్చడి తెప్పించడం మానిపించింది. ఉప్పులో ఊరవేసి గలగలలాడేలా ఎండబెట్టిన మామిడి ముక్కలు, ఆవాలు, మెంతులు, మిరపకాయలు, నువ్వుల నూనె విడివిడిగా తెప్పించింది. ఓడ వచ్చిన మర్నాడు వాటిని ఇక్కడే కలపడం మొదలుపెట్టింది. కలిపి అమ్మడం కాదు. ఎవరి జాడీ వాళ్లే తెచ్చుకోవాలి. జాడీ ముందు పెట్టగానే ఆమె అడిగే మాట ఒక్కటే, "మీదే ఊరు?"

అడిగించుకున్నవాళ్లలో సగంమంది ఇక్కడే పుట్టినవాళ్లు. ఊరి పేరు నోటికి తెలుసు గాని కాలికి తెలియదు. అయినా చెప్పేవారు. టెక్కలి అంటే బెల్లం పడేది. భీమిలి అంటే వెల్లుల్లి రెండింతలు. ఇచ్ఛాపురం అంటే నువ్వుపిండి. ఇంకా లోపలికి పోతే, అదే ఊళ్లో ఒక ఇంటికి శనగలు కావాలి, పక్కింటికి శనగలు తగిలితే జాడీ వెనక్కి వస్తుంది. ఒకే ఇంటి నుంచి రెండు జాడీలు వచ్చేవి, మొగుడి ఊరిది ఒకటి, పెళ్లాం ఊరిది ఒకటి. అవి తారుమారైతే ఆ ఇంట్లో నెల రోజులు మాటలుండేవి కావు. రెండో ఓడ వచ్చేసరికి పద్మిని ఎవరినీ ఊరు అడిగేది కాదు. మనిషిని చూసి కలిపేది. రెండు వందల పై చిలుకు ఇళ్లు ఆమె చేతికి గుర్తు. జాడీల రోజు అనేవారు దాన్ని.

గురునాథం కూడా ఒక జాడీ పట్టుకునే ఆమె ముందుకు వచ్చాడు. బొబ్బిలి వైపు నుంచి తెలుగు పంతులుగా వచ్చి అప్పటికి ఏడాది.

"మీదే ఊరు మాస్టారూ?" అంది.

"బొబ్బిలి దగ్గర."

"మీ ఇంట్లో మెంతి ఎక్కువేస్తారు."

"నీకెలా తెలుసు?"

"మొహం సేదుగా ఉంది గదా," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. మరుసటి ఏడాది పెళ్లయింది.

సత్యారావు పోయాక పెత్తనం గోపినాథ్‌కు వచ్చింది. పెంచాడు, కాదనడానికి లేదు. వ్యాను కొన్నాడు, గోదాము కట్టాడు. కూతురు జాహ్నవి చెన్నైలో ఏదో కోర్సు చదివి వచ్చి, జాడీల వల్ల బ్రాండు పెరగదని తేల్చింది. సరిగ్గా అప్పుడే పద్మినికి జబ్బు చేసింది. "అక్కా, నువ్వు ఆరామ్ తీసుకో, జాడీలు గీడీలు ఇంక వద్దు," అన్నాడు గోపినాథ్. అంత దయగా మాట్లాడటం అతనికి అంతకుముందు అవసరం పడలేదు. మరుసటి నెల నుంచి పెరుగు అన్నంలోకైనా దోసెలోకైనా ఒకే రుచి ఉండే ఆవకాయ, ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై, ప్యాకెట్లలో దిగింది. టెక్కలి వాళ్లకూ అదే, భీమిలి వాళ్లకూ అదే. రెండు జాడీల ఇంట్లో మొగుడూ పెళ్లాం మొదటిసారి ఒకే పచ్చడి తిని, సుఖంగా ఉన్నారని వినికిడి.

పద్మిని పోయిన మూడో నెలలో గోపినాథ్, జాహ్నవి కలిసి మిన్నీ బే ఇంటికి వచ్చారు. కొత్త ప్యాకెట్టు నమూనా తెచ్చారు. ముందువైపు సత్యారావు ఫోటో. బల్ల మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. కింద 'తాతగారి ఊరు' అని కొత్త పేరు.

"మావయ్యా, వెనకవైపు మన స్టోరీ వెయ్యాలి," అంది జాహ్నవి. "తెలుగు అక్షరాల్లోనే కావాలి. ఇంగ్లీషులో ఉంటే ఫీల్ రాదు. తెలుగు చూస్తే వెంటనే ఊరు గుర్తొస్తుంది అందరికీ."

"నువ్వు రాయరాదూ?"

"నాకెక్కడొచ్చు మావయ్యా. మాట్లాడటం వరకే." సిగ్గుపడలేదు. ఈత రాదని చెప్పినట్టు చెప్పింది.

ఆమె ఇంగ్లీషులో రాసుకొచ్చిన కాగితం గురునాథం కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ట్రంకు పెట్టె ఉంది, పిడికెడు ఉంది, తాతగారి కల ఉంది, నానమ్మ రహస్యపు దినుసు ఉంది. రెండోసారి చదివాడు.

"మీ అత్త ఎక్కడ?" అన్నాడు.

జాహ్నవి తండ్రివైపు చూసింది.

"అది బావా," అన్నాడు గోపినాథ్. "బ్రాండుకి ఒకటే మొహం ఉండాలంట. నాన్న ఫోటో బాగుంది గదా. అక్కకి సరైన ఫోటో ఒక్కటీ నేదు. ఎప్పుడు తీసినా పళ్లెం మీదకి వొంగి, మిరప్పొడి చేతుల్తోనే ఉంటాది."

"ఫోటో వద్దు. పేరు రాయండి. ఒక్క వాక్యం చాలు. ఇక్కడ పచ్చడి కలపడం పద్మిని మొదలుపెట్టింది, అని."

"రాయొచ్చు. కానీ ఇప్పుడే పోయింది. తినే వస్తువు మీద పోయినోళ్ల పేరంటే జనం థోడా అదోలా చూస్తారు బావా."

"మీ నాన్న కూడా పోయాడు."

"నాన్న పోయి పదకొండేళ్లయింది. అది పాతబడిపోయింది." గోపినాథ్ ఈ మాట చాలా ఓపికగా, మొండి పిల్లవాడికి లెక్క చెప్పినట్టు చెప్పాడు. "నెక్స్ట్ ఇయర్ అక్క పేరు పెడదాం. పక్కా."

సరే, రాసి ఇస్తానన్నాడు గురునాథం.

ఎనిమిది రోజులు రాశాడు. పదమూడు వరుసలు. రాసి, దిద్ది, శుభ్రమైన కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాశాడు. మోసం చేద్దామని కాదు. తగాదా కావాలని. ఆ కాగితం చదివి గోపినాథ్ మండిపడుతూ రావాలి. 'ఇదేం రాత బావా' అనాలి. అప్పుడు తను చెప్పవలసినవి ఒక్కొక్కటే, అంత్యక్రియల రోజు నుంచి నోట్లో పెట్టుకున్నవి, చెప్పాలి. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఒక జవాబులో విశేషణం ఎక్కువైందని తీసేశాడు కూడా.

జాహ్నవి వచ్చి కాగితం తీసుకుంది. "వావ్ మావయ్యా, రైటింగ్ ఏక్‌దమ్ ప్రింటు లాగుంది," అంది. వేలుపెట్టి వరుసలు లెక్కపెట్టింది. "పదమూడు పట్టవు. పదకొండే స్పేస్ ఉంది. ఏవో రెండు తీసెయ్యరా?"

"ఏ రెండు?"

"ఏవైనా పర్లేదు."

గురునాథం బూజు గురించిన రెండు వరుసలు కొట్టేశాడు. మామగారు ఎలాంటివాడైనా, చెంచా పట్టుకున్నవాడిగా ప్యాకెట్టు మీద నిలబడటం భావ్యం కాదనిపించింది. జాహ్నవి ఫోన్లో ఫోటో తీసుకుని, అది విశాఖలో ప్రెస్సుకు పంపించి, టీ తాగి వెళ్లింది.

ఆ వారమంతా గురునాథం గేటు చప్పుడు కోసం చూశాడు. తొమ్మిదో రోజున గోపినాథ్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ప్రెస్సువాడు ఫోన్ చేశాడు బావా. అండీ, ఇది ఇలాగే వెయ్యమంటారా అని అడుగుతాడు. వాడి కంపోజింగ్ వాడికేదో డౌటంట. నాకు తిక్క రేగింది. అరె, మా బావ ముప్పై మూడేళ్లు తెలుగు సెప్పినాడు, ఆయన రాతని నువ్వు దిద్దుతావేటి, ఉన్నది ఉన్నట్టు ఎయ్యి అన్నాను. నోరు మూసుకున్నాడు."

"నువ్వు చదివావా?" అన్నాడు గురునాథం.

"నువ్వు రాస్తే నేను సూడాలా?" అన్నాడు గోపినాథ్. అందులో ప్రేమే ఉంది. అదే తట్టుకోవడం కష్టమైంది.

దసరా ముందు ఓడకు పదివేల ప్యాకెట్లు దిగాయి. దుకాణం ముందు షామియానా వేశారు. బంతిపూల దండ వేసిన సత్యారావు ఫోటో, పక్కన అంతే సైజులో ప్యాకెట్టు బొమ్మ. గురునాథాన్ని తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆయన కూర్చుని ఎవరో ఒకరు చదివే క్షణం కోసం చూడసాగాడు. ఇంతమందిలో ఒక్కడు చాలు. వెనక్కి తిప్పి, మూడో వరుస దాకా వచ్చి, కనుబొమలు ముడిచే మనిషి ఒక్కడు.

అందరూ వెనక్కి తిప్పారు. అందరూ మెచ్చుకున్నారు. మన లిపి ఎంత గుండ్రంగా ఉందో అన్నారు. ఒకతను దాన్ని ఫోటో తీసి ఎవరికో పంపించాడు. ఆడవాళ్లు కళ్లకద్దుకున్నంత పని చేశారు. అక్షరాల మీదుగా వాళ్ల చూపు, కిటికీలోంచి దాటిపోయే చెట్ల మీద చూపులా జారిపోయింది.

కన్నారావు దగ్గరికి వచ్చాడు. రేవు ఆఫీసులో గుమాస్తా, గురునాథం దగ్గరే పదో తరగతి దాకా చదివాడు. వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"మీరే రాశారంట గదా మాస్టారూ. బహుత్ అచ్ఛా ఉంది. సూస్తేనే కడుపు నిండింది."

"ఏది, మొదటి వాక్యం చదువు."

కన్నారావు ప్యాకెట్టు దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, మళ్లీ దూరంగా పెట్టాడు. "అద్దాలు ఇంటికాడ ఒగ్గేసినాను మాస్టారూ."

"నీకు అద్దాలెప్పుడు వచ్చాయి?"

కన్నారావు నవ్వాడు. "అలవాటు తప్పిపోయింది మాస్టారూ. ఆఫీసంతా హిందీ, ఇంగ్లీషూ. మా పిల్లలకైతే ఆ మాత్రమూ రాదు."

తొమ్మిదో తరగతి తెలుగులో కన్నారావుకు డెబ్బై ఎనిమిది మార్కులు. గురునాథానికి గుర్తుంది, ఎందుకంటే వేసింది తనే. పదిహేను ప్రశ్నలు చెప్పి, పదిహేను జవాబులు నల్లబల్ల మీద రాసి, వాటిలోంచే అయిదు అడిగి వేసిన మార్కులు. ఈ దుకాణం ముందు నిలబడ్డవాళ్లలో ముప్పాతికమంది తన చేతి కింద నెగ్గినవాళ్లే. వార్షికోత్సవాల్లో గుక్కతిప్పుకోకుండా పద్యాలు చదివి బహుమతులు తీసుకున్నవాళ్లు. ఫ్యాక్టరీ పచ్చడికి ఊరి పేరు పెట్టి అమ్మేవాణ్ణి చూసి గురునాథం మూడు నెలలుగా ముక్కు చిట్లిస్తున్నాడు. తను ముప్పై మూడేళ్లు పంచిపెట్టిన సరుకు ఏమిటో ఇప్పుడు కళ్ల ముందు వరుసగా నిలబడి ఉంది. ఆ చీదర కూడా ఎక్కడికి చేరాలో అక్కడికే, తన మీదికే, చేరింది.

మేడ మీది నుంచి అప్పలకొండమ్మను నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఏ భాషా చదవలేదు, చదివినట్టు నటించిందీ లేదు. ప్యాకెట్టు ఒళ్లో పెట్టారు. ముందువైపు చూసింది.

"నా మొగుణ్ణి ఏసినారు. బాగా కూకున్నాడు," అంది. తిప్పింది. "ఎనక ఏటి రాసినావు బాబూ? సదువు."

"తరవాత చదువుతానత్తమ్మా."

"తరవాతకి నాను ఉంటానో నేదో. సదువు."

జాహ్నవి ఫోను తీసి వీడియో మొదలుపెట్టింది. గోపినాథ్ జనాన్ని ఊరుకోమన్నాడు. గురునాథం లేచి నిలబడి, క్లాసులో చదివే గొంతుతో చదివాడు.

"ఈ దుకాణానికి సత్యారావు పేరుంది. నడిపింది ఆడవాళ్లు. మొదటి మూట తెచ్చింది అప్పలకొండమ్మ. దినుసులు విడిగా తెచ్చి ఇక్కడ కలపాలని కనిపెట్టింది ఆమె కూతురు పద్మిని. ఎవరి జాడీ వారు తెచ్చుకుంటే వారి ఊరి రుచికి కలిపి ఇచ్చేది. ముప్పై రెండేళ్లు అలా కలిపింది. తరవాత జబ్బు చేసింది, జాడీలు ఆగిపోయాయి. ఈ ప్యాకెట్టులోది ఆమె కలిపింది కాదు, మన ఊరి నుంచి వచ్చిందీ కాదు. ఒక ఫ్యాక్టరీలో చేశారు. తినవచ్చు, హాని లేదు. పద్మిని జూన్ నెలలో చనిపోయింది. ఆ రోజు ఈ దుకాణం సగం తెరిచి ఉంది."

చప్పట్లు మోగాయి. కన్నారావు అందరికన్నా ముందు మొదలుపెట్టాడు. మాస్టారు చదివితే చప్పట్లు కొట్టాలని వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. చప్పట్లు కొట్టేసి, వరుసలో నిలబడి, రెండేసి మూడేసి ప్యాకెట్లు కొనుక్కున్నారు.

గోపినాథ్ మాత్రం విన్నాడు. మొహంలో నెత్తురు లేదు. గురునాథాన్ని పక్కకు తీసుకెళ్లాడు.

"బావా, పదివేలు కొట్టించినాం. నాకు సెప్పొచ్చు గదా."

"చెప్పాను. రాసి ఇచ్చాను."

గురునాథం సిద్ధం చేసుకున్న జవాబులన్నీ అప్పుడే బయటికి రావలసింది. ఇంతలో జాహ్నవి వచ్చింది. ఆమె కూడా విన్నది, తండ్రి కన్నా ముందే అర్థం చేసుకున్నది. ఒక్కసారి క్యూ వైపు చూసింది.

"టెన్షన్ ఎందుకు నాన్నా. ఎవరు చదువుతారు? ఈ లాట్ అయిపోనీ, నెక్స్ట్ దాంట్లో మార్చేద్దాం." గురునాథం వైపు తిరిగింది. కోపం లేదు. "సారీ మావయ్యా. అత్త పేరు వెయ్యాల్సింది. కానీ వేసినా ఇంతే కదా."

గోపినాథ్ మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. అంత త్వరగా రావడం చూసి గురునాథం మాట్లాడటం మానుకున్నాడు. పద్మిని పేరు పదివేల చోట్ల అచ్చయింది. అచ్చయినంత మాత్రాన ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

తిరిగి వచ్చి అత్తగారి పక్కన కూర్చున్నాడు. ఆమె ఇంకా ప్యాకెట్టు వెనకవైపే చూస్తోంది.

"దాని పేరు ఎక్కడుంది?"

వేలు పట్టుకుని చూపించాడు. ఆమె ఆ చోట గోటితో మెల్లగా గీకింది, రంగు వదులుతుందేమో చూస్తున్నట్టు.

"అన్నీ నిజాలే రాసినావు బాబూ. బాగుంది. మరి ఏ ఇంటికి ఏటి కలిపీదో, అది రాసినావా?"

"లేదత్తమ్మా."

"మరెవులు రాసినారు?"

"ఎవరూ రాయలేదు."

"దానికి రాయడానికి సెయ్యి కాళీ ఉండీది కాదు. ఎప్పుడూ కారమే గదా. నీ సేతిలో కలం ఉండీది," అంది ముసలావిడ. తప్పు పట్టినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది.

జాడీల రోజున పెరట్లో వందమంది ఆడవాళ్లు ఉండేవారు. గురునాథం లోపల బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉండేవాడు. కారం ఘాటుకు తుమ్ములు వచ్చేవి. బయట పద్మిని గొంతు వినబడుతూ ఉండేది, ఈ ఇంటికి ఇంత, ఆ ఇంటికి అంత, మీ అత్తకు ఇంగువ పడదు గదా, మీ ఆయనకు ముక్క పెద్దది కావాలి గదా అని. చెవి పెడితే అన్నీ వినబడేవి. రెండు వందల ఇళ్లూ, ఓడ ఓడకూ, ముప్పై ఒక్కేళ్లు. గోలగా ఉందని కిటికీ తలుపు వేసుకునేవాడు. ఆ కిటికీ వెనక కూర్చుని దిద్దినవి పదిహేను జవాబుల పేపర్లు. ఈ సంగతి ఆయనకు ఇన్నాళ్లూ గుర్తుకు రాలేదు, గుర్తుకు రానివ్వలేదు.

మర్నాటి నుంచి ఒక నోటు పుస్తకం పట్టుకుని ఇళ్లకు తిరగసాగాడు. తలుపు తీసినవాళ్లు మాస్టారని మర్యాద చేశారు, కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. మీ జాడీలో పద్మిని ఏమేం వేసేదో చెప్పమని అడిగాడు.

"మాకేటి తెలుసు మాస్టారూ. ఆవిడికే తెలుసు," అన్నారు చాలామంది.

రాజకుమారి అనే ఆవిడ, రెండు జాడీల ఇంటావిడ, వంటింట్లోంచి ప్యాకెట్టు తెచ్చి చూపించింది. "ఇదిగో, ఇలాగే ఉండీది మాస్టారూ. అచ్చం ఇదే రుచి." మొగుడు కూడా తలూపాడు.

"మీ రెండు జాడీలకూ తేడా ఏమిటమ్మా?"

ఆవిడ ఆలోచించింది. మొగుడి వైపు చూసింది. ఏళ్ల తరబడి దేని మీద మాటలు మానేసుకున్నారో ఇద్దరికీ గుర్తు రాలేదు.

గురునాథం టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, పుస్తకంలో ఆ ఇంటి పేరు రాసి, కింద ఖాళీ వదిలాడు. గుర్తున్నవాళ్లు అక్కడక్కడా తగిలారు, ఎక్కువగా ముసలివాళ్లు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. ఇప్పటికి తొమ్మిది ఇళ్లవి రాశాడు. మిగిలిన ఇళ్లవి రాయలేదు.